క్యాచ్ క్యాన్ కొనేముందు బ్రీదర్ లైన్లు చూడండి: ఆర్‌బీ26 సంగతి

టర్బో ఇంజిన్‌కి పవర్ పెంచగానే చాలామంది ముందు కొనేది క్యాచ్ క్యాన్ (ఇంజిన్ వదిలే గ్యాస్‌లోని ఆయిల్‌ని పట్టే డబ్బా), కానీ ఆయిల్ ఎందుకు బయటికొస్తోందో చూడకుండా క్యాన్ పెడితే అది నిండుతూనే ఉంటుంది తప్ప ఇంజిన్ బాగుపడదు. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లో వచ్చిన ఆర్‌బీ26 ఇంజిన్ మీద చెప్తా, ఈ సమస్య దాంట్లో బాగా తెలుస్తుంది.

ఎంత మంచి ఇంజిన్‌లో అయినా పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత గ్యాస్ కింద క్రాంక్ తిరిగే గదిలోకి (క్రాంక్‌కేస్) జారుతుంది, అదే బ్లో-బై, బూస్ట్ పెంచితే అదీ పెరుగుతుంది. ఆర్‌బీ26లో హెడ్ (ఇంజిన్ పైభాగం) నుంచి ఆయిల్ దిగే రంధ్రాల్లోంచే ఈ గ్యాస్ కూడా పైకి రావాలి. ట్రాక్ మీద ఆర్పీఎం ఎక్కువసేపు పైనే ఉంచితే పైకొచ్చే గ్యాస్ దిగే ఆయిల్‌ని అడ్డుకుంటుంది, పంపు మాత్రం హెడ్‌కి తోస్తూనే ఉంటుంది, కాసేపటికి టాపెట్ కవర్ల కింద ఆయిల్ నిలబడి గ్యాస్ బయటికిపోయే బ్రీదర్ గొట్టంలోంచి తన్నుకొస్తుంది, కింద సంప్‌లో (ఆయిల్ తొట్టి) పంపు పీల్చే పికప్ గొట్టానికి ఆయిల్ అందక బేరింగులు పోతాయి. అసలు భయం అదే, ఇంటేక్ పైపు జిడ్డవడం కాదు.

అందుకే ముందు కంప్రెషన్, లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తుందో చూసేవి) చేయించండి. రింగులు అరిగుంటే ఏ క్యానూ కాపాడదు. తర్వాత పీసీవీ వాల్వ్ (క్రాంక్‌కేస్ గ్యాస్‌ని ఇంటేక్ మానిఫోల్డ్‌కి ఒకవైపే పంపే వాల్వ్) విప్పి నోటితో ఊదండి, ఇంజిన్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, మానిఫోల్డ్ వైపు నుంచి ఊదితే ఆగాలి. ఆగకపోతే బూస్ట్ నేరుగా క్రాంక్‌కేస్‌లోకి దూరుతోందన్నమాట, కొత్తది వేసేయండి, చవకే.

ఇక ఆర్‌బీకి ఎక్కువమంది చేసే పని, హెడ్‌కి వెళ్లే ఆయిల్ దారిలో రిస్ట్రిక్టర్ (ఆయిల్ తక్కువ వెళ్లేలా దారి సన్నం చేసే ముక్క) పెట్టడం, డ్రెయిన్ రంధ్రాలు పెద్దవి చేయడం, హెడ్ వెనక నుంచి సంప్‌కి బయటి లైన్ వేయడం. ఇంజిన్ విప్పినప్పుడే ఇవన్నీ చేయించుకోండి, క్యాన్ కంటే వీటికే డబ్బు పెట్టండి.

ఇప్పుడు క్యాన్. రెండు టాపెట్ కవర్ల నుంచీ కనీసం 16 ఎం.ఎం. లోపలి కొలత ఉన్న హోస్ వేయండి, 19 అయితే ఇంకా మంచిది. హీటర్ హోస్ వద్దు, ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, నైట్రైల్ రబ్బరుది తీసుకోండి. లైన్ ఇంజిన్ నుంచి క్యాన్ దాకా పైకే వెళ్లాలి, మధ్యలో ఎక్కడైనా కిందికి వేలాడిందంటే అక్కడ ఆయిల్ చేరి దారి మూసుకుపోతుంది. క్యాన్ లోపల బాఫుల్ (ఆవిరిని అడ్డుకుని ఆయిల్‌ని విడదీసే అడ్డుపలక) ఉందో లేదో చూసి కొనండి, ఖాళీ డబ్బా అయితే ఆవిరి అట్నుంచి అటే పోతుంది, అలాగని దాంట్లో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కకండి, ముక్కలు ఊడి టర్బోలోకి వెళ్తాయి.

రోడ్డు మీద తిరిగే కారుకి క్యాన్ నుంచి మళ్లీ టర్బో ఇన్‌లెట్‌కే కలపండి. ఒక చివర గాల్లోకి వదిలేసి పీసీవీని మానిఫోల్డ్‌కే ఉంచితే ఎయిర్‌ఫ్లో మీటర్ లెక్కకి రాని గాలి లోపలికెళ్లి ఐడిల్ పాడవుతుంది. రేసు కారులో గాల్లోకి వదలొచ్చు, అయితే అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల్లోని అపెండిక్స్ జే ప్రకారం 2000 సీసీ దాటిన ఇంజిన్‌కి క్యాన్ కనీసం 3 లీటర్లు ఉండాలి, ఆర్‌బీ26 2568 సీసీ కాబట్టి అదే వర్తిస్తుంది.

అంతా బిగించాక ఆయిల్ గేజ్ రాడ్ (డిప్‌స్టిక్) ట్యూబ్‌కి ప్రెషర్ సెన్సర్ తగిలించి ఫుల్ బూస్ట్‌లో లాగ్ చేయండి. ఆర్పీఎంతో పాటు ప్రెషర్ ఎక్కుతూ పోతుంటే హోస్ చిన్నదైనట్టే, క్యాన్ మార్చినా లాభం లేదు. చలికాలంలో క్యాన్‌లో మజ్జిగ రంగు నురగ కనిపిస్తే అది నీళ్లు, పెట్రోలు, ఆయిల్ కలిసింది, పారబోయండి, మళ్లీ ఇంజిన్‌లో మాత్రం పోయకండి.