పాత మస్టాంగ్ కన్వర్టబుల్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

నా కారు కాగితాల ప్రకారం 1965 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టబుల్. బానెట్ ఎత్తితే కనిపించేది 1980ల చివరి నాటి 5.0 లీటర్ల వీ8 ఇంజన్. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, కొత్త హెడ్‌లైట్లు, మార్చిన వైరింగు. ఇవన్నీ నాకంటే ముందు దాన్ని సాకినవాళ్ళు ముచ్చటపడి చేయించుకున్నవి. టెక్సస్‌లో కొన్న మొదటి ఏడాది నేను 1965 నాటి షాప్ మాన్యువల్ పక్కన పెట్టుకుని పనిచేశాను. ఆ పుస్తకం సరైనదే, కాకపోతే అందులో ఉన్న కారు నా దగ్గర లేదు.

అందుకే పానా పట్టుకునే ముందు ఒక నోటుపుస్తకం తీసుకుని ఏ భాగం ఏ కాలానిదో రాసుకోండి. ఫోర్డ్ పోత భాగాల మీద నంబర్లు ఉంటాయి. మొదటి అక్షరం దశాబ్దం: సి అంటే 1960లు, డి అంటే 1970లు, ఇ అంటే 1980లు. పక్కన ఉండే అంకె సంవత్సరం. 'సి5' ఉంటే 1965లో రూపొందిన భాగం, 'ఇ7' ఉంటే 1987ది. ఇంజన్ బ్లాకు మీద ఈ నంబరు కుడివైపు, స్టార్టర్ దగ్గర కింద ఉంటుంది. వైర్ బ్రష్‌తో మడ్డి గోకితే కనబడుతుంది.

స్టార్ట్ కాదు, లేదా కార్బ్యురేటర్‌లోంచి ఢామ్మని పేలుతుంది

ప్లగ్గులు, వైర్లు మార్చిన వెంటనే ఇలా అయితే ముందు ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో ప్లగ్గులు మండే వరస, చూడండి. 1965లో వచ్చిన 289 (క్యూబిక్ అంగుళాల) ఇంజన్‌ది 1-5-4-2-6-3-7-8. 1982 నుంచి వచ్చిన 5.0 హై అవుట్‌పుట్ ఇంజన్‌ది 1-3-7-2-6-5-4-8. పైకి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. నా కారుకి ఒక వర్క్‌షాపులో కొత్త వైర్లు వేసి, 1965 లెక్క ప్రకారం బిగించి ఇచ్చారు. ఇంటికి తేవడానికి టో ట్రక్ పిలవాల్సి వచ్చింది. మూడు వారాలు కార్బ్యురేటర్‌నే అనుమానించి రెండుసార్లు విప్పాను. దానిలో ఏ లోపమూ లేదు.

ఈ వరసని నిర్ణయించేది వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్. పాత 289లో ఎవరైనా కొత్త క్యామ్ వేసి ఉంటే దాని వరసా మారిపోతుంది, కాబట్టి బ్లాకు నంబరు ఒక్కటే చూసి తేల్చకూడదు. బ్యాటరీ వైరు తీసేసి, ప్లగ్గులు విప్పి, వాల్వ్ కవర్లు తీయండి. ముందున్న క్రాంక్ పుల్లీ బోల్టుకి సాకెట్ వేసి చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఒకటో సిలిండర్ ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకున్నాక తర్వాత తెరుచుకునేది ఐదోదా మూడోదా చూడండి. ఐదైతే పాత వరస, మూడైతే కొత్త వరస. సిలిండర్ల లెక్క ముందు నుంచి వెనక్కి, కుడివైపు 1 నుంచి 4, డ్రైవర్ వైపు (అమెరికా కారు కాబట్టి ఎడమవైపు) 5 నుంచి 8. డిస్ట్రిబ్యూటర్ రోటర్ గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. తేలిన వరసని పెయింట్ పెన్నుతో రేడియేటర్ సపోర్టు మీద రాసేయండి, తర్వాత వచ్చేవాళ్ళు మిమ్మల్ని తలుచుకుంటారు.

ఆర్‌పీఎం పెరిగేకొద్దీ కారంతా అదురుతుంది

ముందు బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో రేజ్ చేసి చూడండి. నిలబడి ఉన్నప్పుడు అదరకుండా రోడ్డు మీద వేగంలోనే అదిరితే టైర్లు, వెనక షాఫ్టు చూసుకోవాలి. నిలబడి ఉన్నా అదిరితే ఇంజన్ తూకం తప్పింది. 289కీ, 1980 వరకు వచ్చిన 302కీ (5.0 లీటర్లదాన్నే క్యూబిక్ అంగుళాల్లో 302 అంటారు) సరిపోయే బ్యాలెన్సర్, అంటే క్రాంక్ ముందు కొసన ఉండే తూకం చక్రం, 28 ఔన్సులది. 1981 నుంచి 302కి వేసింది 50 ఔన్సులది. ముందున్న బ్యాలెన్సర్, వెనకున్న ఫ్లైవీల్ లేదా (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే) ఫ్లెక్స్ ప్లేటు, రెండూ క్రాంక్‌తో ఒకే తూకంలో ఉండాలి. గేర్‌బాక్స్ మార్చినప్పుడు పాత ఫ్లెక్స్ ప్లేటు తెచ్చి బిగించేస్తే ఈ తేడా వస్తుంది. అలాగే నడిపితే బేరింగులు పోతాయి. సరైనది వేయడం తప్ప దీనికి వేరే దారి లేదు.

రేడియేటర్ కొత్తదే, అయినా వేడెక్కుతుంది

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే వేడెక్కితే ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన ష్రౌడ్ ఉందో లేదో చూడండి. హైవే మీద కూడా వేడెక్కితే వాటర్ పంపుని అనుమానించండి. 1965 నాటి వీ బెల్టు పంపు గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. 5.0 మీద వచ్చిన వెడల్పాటి సర్పెంటైన్ బెల్టు పంపు దానికి ఎదురు తిరుగుతుంది. పుల్లీలు ఒక కాలానివి, పంపు మరో కాలానిది అయితే నీళ్ళు కదులుతాయి కానీ చాలినంత కదలవు. పంపు, పుల్లీలు, ఫ్యాన్ ఒకే జట్టుగా మార్చాలి.

వేడి మీద ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు, అరగంటకి మామూలే

ఎండాకాలం గ్యాస్ స్టేషన్‌లో ఆగిన పది నిమిషాలకి ఇది వస్తుంది. ఇక్కడ ఇప్పుడు అమ్మే పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది కాబట్టి పాత రోజుల పెట్రోలు కంటే తొందరగా ఆవిరవుతుంది. ఇంజన్ ఆపాక కింది నుంచి వచ్చే వేడికి కార్బ్యురేటర్ గిన్నెలో ఇంధనం మరిగి లోపలికి పొంగుతుంది. కార్బ్యురేటర్ కింద వేడిని ఆపే ఫినాలిక్ స్పేసర్ వేయండి, ఇంధనం పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా జరపండి. ఆ రోజుకి గట్టెక్కాలంటే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, పంపింగ్ చేయకుండా స్టార్టర్ తిప్పండి. రబ్బరు గొట్టాలు పాతవైతే ఇదే ఇథనాల్ వాటిని లోపల నుంచి తినేస్తుంది. వాటిని మాత్రం వాయిదా వేయకుండా మార్చండి.

ముందు చక్రాలు వేడెక్కి, బండి ఎవరో వెనక్కి లాగినట్టు ఉంటుంది

డ్రమ్ బ్రేకులు తీసి డిస్కులు వేసిన కార్లలో ఇది తరచూ కనిపిస్తుంది. జాకీ మీద ఎత్తి, స్టాండ్లు పెట్టి, బ్రేకు నొక్కి వదిలి చక్రం తిప్పండి. బిగుసుకుని ఉంటే ముందు మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్‌ని తోసే భాగం) దగ్గర పైపు నట్టు వదులు చేయండి. అక్కడ చక్రం విడుదలైతే లోపం పైనే: డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండర్‌లోని రెసిడ్యువల్ వాల్వ్ ఒత్తిడిని పట్టి ఉంచుతోంది, లేదా పెడల్ పుష్‌రాడ్ పొడవెక్కువైంది. డ్రమ్ములకి సుమారు 10 పీఎస్‌ఐ నిలవ ఒత్తిడి కావాలి, డిస్కులకి అంత ఉంటే ప్యాడ్లు ఒరుసుకుంటూనే ఉంటాయి. అక్కడ విడుదల కాక, క్యాలిపర్ మీద ఆయిల్ వదిలే బ్లీడర్ స్క్రూ తెరిచాకే విడుదలైతే మధ్యనున్న రబ్బరు హోస్ లోపల మూసుకుపోయింది. బ్లీడర్ తెరిచినా కదలకపోతే క్యాలిపర్ పిస్టన్ తుప్పు పట్టింది.

ఇంకొక మాట గట్టిగా చెబుతాను. 1966 వరకు వచ్చిన మస్టాంగ్‌ల మాస్టర్ సిలిండర్‌లో నాలుగు చక్రాలకీ ఒకే గది. ఎక్కడో ఒక గొట్టం పగిలితే పెడల్ నేలకి దిగిపోతుంది, ఏ చక్రానికీ బ్రేకు ఉండదు. ఫోర్డ్ 1967లో రెండు గదుల సిలిండర్‌కి మారింది. మీ కారులో ఇంకా ఒకే గది ఉంటే, వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టే ముందు అది మార్చండి. రంగూ, రిమ్ములూ తర్వాత.

టాప్ పైకి లేవదు

స్విచ్ నొక్కితే మోటారు శబ్దం వస్తోందా వినండి. శబ్దమే లేకపోతే వెనక సీటు వెనకున్న పంపు దగ్గర ఎర్త్ వైరు, తర్వాత స్విచ్ చూడండి. శబ్దం వచ్చీ టాప్ కదలకపోతే ఆయిల్ తగ్గింది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది, కాబట్టి రెండు సిలిండర్ల కిందా కార్పెట్ తడిమి చూడండి. ఒక పక్క లేచి ఇంకో పక్క వెనకబడితే వెంటనే ఆపండి, చేత్తో బలవంతం చేస్తే ఫ్రేము వంగుతుంది. మస్టాంగ్ పంపుకి వాడేది ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, బ్రేకు ఆయిల్ పోస్తే సీళ్ళు ఉబ్బిపోతాయి. నింపాక మూడు నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడించి గాలి పోయాక మట్టం మళ్ళీ చూడండి.

తలుపు సరిగ్గా పడదు, గుంతలో అద్దం ఊగుతుంది

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద సమస్య ఇదే. పైకప్పు లేని కారుకి బలమంతా నేలలోనే ఉంటుంది. అందుకే ఫోర్డ్ కన్వర్టబుల్‌కి తలుపుల కింద లోపలి రాకర్లు మందంగా చేసి, ముందు రెండు పక్కలా టార్క్ బాక్సులు (ఫ్రేముని రాకర్లకి కలిపే ఇనుప పెట్టెలు) పెట్టింది. ఇవి తుప్పు తింటే కారు మధ్యలో కుంగుతుంది. జాకీని ముందు ఫ్రేము పట్టీ కింద పెట్టి ఎత్తుతూ, తలుపు వెనక సందు మారుతుందేమో గమనించండి. గట్టి కారులో మార్పు దాదాపు కనిపించదు.

తలుపు కీళ్ళు సర్ది సరిపెట్టుకోవడం మరమ్మతు కాదు. కుళ్ళిన ఇనుము కోసి కొత్తది వెల్డింగ్ చేయాలి. కోసే ముందు కారు సస్పెన్షన్ మీద తన బరువు తను మోస్తూ సమంగా నిలబడి ఉండాలి, తలుపు ఖాళీల్లో అడ్డంగా కడ్డీలు వెల్డ్ చేసి ఉండాలి. ఇది చేయకుండా కోస్తే వంకర అలాగే అతుక్కుపోతుంది.

తుప్పు లేకపోయినా ఊగుతుంటే ఇంకో అనుమానం: మామూలు హార్డ్‌టాప్ పైకప్పు కోసేసి కన్వర్టబుల్‌గా అమ్మి ఉండొచ్చు. డ్రైవర్ వైపు ఇంజన్ గది లోపలి అంచు మీద కొట్టిన నంబరు చూడండి. ప్లాంటు అక్షరం తర్వాతి రెండంకెలు 08 అయితే పుట్టుకతో కన్వర్టబుల్, 07 అయితే హార్డ్‌టాప్, 09 అయితే ఫాస్ట్‌బ్యాక్ (వెనక్కి ఏటవాలుగా దిగే పైకప్పుది). కొనే ముందే చూడాల్సిన అంకెలివి.

హెడ్‌లైట్లు ఆరి, వాటంతట అవే వెలుగుతాయి

లైటు స్విచ్ లోపలే సర్క్యూట్ బ్రేకర్ ఉంటుంది. ఎక్కువ కరెంటు లాగే హాలోజెన్ బల్బులు వేస్తే అది వేడెక్కి తెగుతుంది, చల్లారి మళ్ళీ కలుస్తుంది. ఫ్యూజు ఉన్న రిలేలు పెట్టి బల్బులకి కరెంటు బ్యాటరీ నుంచే ఇవ్వండి. ఇంధనం ముల్లు, వేడి ముల్లు రెండూ ఒకేసారి తప్పు చూపిస్తే డాష్‌బోర్డు వెనకున్న వోల్టేజ్ రెగ్యులేటర్ పోయింది, ఒక్కటే తప్పితే దానికి కొలత పంపే సెండర్.

వాన పడితే కాళ్ళ కింద తడి

అందరూ టాప్ సీళ్ళు మారుస్తారు. ముందు అద్దం కింద గాలి లోపలికి వచ్చే కౌల్ చూడండి. దాని లోపల గుండ్రటి గట్లు తుప్పు పట్టి ఉంటాయి. ఒకరు బయట నుంచి కౌల్‌లోకి చెంబుతో నీళ్ళు పోస్తుంటే, ఇంకొకరు డాష్‌బోర్డు కింద టార్చి పట్టుకుని ఏ పక్క నుంచి కారుతున్నాయో చూడాలి. బయటి నుంచి సీలెంట్ పూస్తే ఒకటి రెండు వానలు ఆగుతుంది. అసలు పని చేయాలంటే స్పాట్ వెల్డులు తొలిచి పైరేకు తీసి, కొత్త గట్టు అతకాలి. అది చేయించే దాకా కార్పెట్ తీసేసి నేలరేకు ఆరనివ్వండి, లేదంటే ఆ తడి రాకర్లలోకి దిగుతుంది.