వెల్ష్ భాషలో భూతకాల క్రియలను ఎలా నేర్చుకోవాలి?

2021 జనాభా లెక్కల ప్రకారం బ్రిటన్‌లోని వేల్స్‌లో వెల్ష్ మాట్లాడగలిగినవారు దాదాపు 5,38,000 మంది. అక్కడి ప్రభుత్వ బడుల్లో పిల్లలందరూ 16 ఏళ్ల వరకు ఆ భాషను చదవవలసిందే కాబట్టి, కార్డిఫ్ వంటి నగరాల్లో ఉంటున్న తెలుగువారి ఇళ్లలోకి కూడా అది హోంవర్కు రూపంలో వస్తుంది. భూతకాల క్రియల విషయంలో ఇంగ్లీషు కంటే తెలుగే మనకు ఎక్కువ తోడ్పడుతుంది.

ఉచ్చారణ గురించి ఒక మాట: కింది ఉదాహరణల్లోని వెల్ష్ మాటల్లో 'ద', 'థ'లను నాలుక కొనను పళ్లకు ఆనించి గాలి వదులుతూ పలకాలి. 'ఖ'ను ఉర్దూ 'ఖబర్'లో లాగా గొంతును రాపాడిస్తూ పలకాలి.

1. ధాతువును విడదీయండి. 'ప్రని' అంటే కొనడం. చివరి అచ్చును తీసేస్తే 'ప్రన్' మిగులుతుంది. 'గ్వెల్డ్' (చూడడం) నుంచి 'గ్వెల్' వస్తుంది. ధాతువు ఏదో ఊహకు అందని క్రియలు కొన్ని ఉన్నాయి; వాటిని నేర్చుకున్న రోజే ధాతువుతో కలిపి రాసిపెట్టుకోవాలి.

2. ప్రత్యయం చేర్చి, కర్తను దాని తర్వాత పెట్టండి. వెల్ష్ వాక్యంలో క్రియే ముందు వస్తుంది.

ప్రనెస్ ఈ – నేను కొన్నాను
ప్రనెస్ట్ టీ – నువ్వు కొన్నావు
ప్రనొద్ ఏ, ప్రనొద్ హీ – అతను కొన్నాడు, ఆమె కొంది
ప్రనొన్ నీ – మేము కొన్నాము
ప్రనొఖ్ ఖీ – మీరు కొన్నారు
ప్రనొన్ నూ – వాళ్లు కొన్నారు

మన 'మీరు' లాగే 'ఖీ' కూడా గౌరవానికీ బహువచనానికీ ఒక్కటే మాట. 'నీ' అంటే మాత్రం 'మేము' లేదా 'మనం' అని గుర్తుంచుకోవాలి. పుస్తక భాషలో 'ఎస్, ఎస్ట్' బదులు 'ఐస్, ఐస్ట్' కనిపిస్తే అవి వేరే రూపాలని కంగారు పడనక్కరలేదు.

3. అక్షరాల మార్పును వాక్యంతోనే నేర్చుకోండి. నేర్చుకునేవారు ఎక్కువగా విసిగిపోయేది ఇక్కడే, కానీ చిన్నప్పుడు సరళాదేశ సంధి చదివిన మనకు ఇది కొత్త కాదు. 'పూచెను' పక్కన 'కలువలు' చేరితే 'పూచెను గలువలు' అయినట్టే, వెల్ష్‌లో భూతకాల క్రియకు కర్మ అయిన 'కాథ్' (పిల్లి) 'గాథ్' అవుతుంది: 'గ్వెలెస్ ఈ గాథ్', అంటే 'నేను ఒక పిల్లిని చూశాను'. ఇదే పద్ధతిలో ప, ట, క అనేవి బ, డ, గ అవుతాయి. బ, మ రెండూ 'వ'గా, డ 'ద'గా మారతాయి. గ పూర్తిగా లోపిస్తుంది. అందుకే 'బారా' (రొట్టె) కొన్నానని చెప్పాలంటే 'ప్రనెస్ ఈ వారా' అనాలి.

ప్రశ్నలో క్రియ మొదటి అక్షరం కూడా ఇలాగే మారుతుంది: 'బ్రనెస్ట్ టీ వారా?' వ్యతిరేకార్థంలో ప, ట, క మాత్రం ఫ, థ, ఖ అవుతాయి, తర్వాత 'దిమ్' చేరుతుంది: 'ఫ్రనెస్ ఈ దిమ్ బారా'. మిగిలిన అక్షరాలకు ప్రశ్నలోని మార్పే వర్తిస్తుంది. ఇలాంటి భూతకాల ప్రశ్నకు అవునంటే 'డో', కాదంటే 'నాదో'. ఏ పురుషకైనా ఈ రెండే సరిపోతాయి.

4. నాలుగు అక్రమ క్రియలను కంఠస్థం చేయండి. వెళ్లడానికి 'ఎస్ ఈ, ఎస్ట్ టీ, ఐథ్ ఏ, ఐథొన్ నీ, ఐథొఖ్ ఖీ, ఐథొన్ నూ'. వీటి ముందు 'డ' చేరిస్తే రావడం, 'గ్న' చేరిస్తే చేయడం అవుతుంది: 'డెస్ ఈ', 'గ్నెస్ ఈ'. పొందడమనే నాలుగోది కొంత భిన్నంగా 'కెస్ ఈ, కెస్ట్ టీ, కవొద్ ఏ, కౌసొన్ నీ' అని సాగుతుంది.

5. ప్రత్యయం తట్టనప్పుడు చేయడమనే క్రియను ఆసరా చేసుకోండి. 'నెస్ ఈ బ్రని బారా' అన్నా రొట్టె కొన్నాననే అర్థం ('గ్నెస్'లోని గ లోపించి 'నెస్' అయింది). ఇందులో మారేది 'ప్రని' మాత్రమే, రొట్టె మారదు. ఉత్తర వేల్స్‌లో 'దారి' అనే మాటను ఏ పురుషకైనా మార్పు లేకుండా ఇదే పనికి వాడతారు. జాతీయ వెల్ష్ బోధనా కేంద్రం పాఠ్యపుస్తకాలు ఉత్తరానికీ దక్షిణానికీ విడివిడిగా ఉంటాయి కనుక, మొదట ఒకదాన్ని ఎంచుకుని దానికే కట్టుబడడం మేలు.

6. ప్రతి రాత్రి ఆ రోజు చేసిన మూడు పనులు రాసి, పైకి చదవండి. ఉదాహరణకు: 'ఎస్ ఈ ఈర్ డ్రే. కెస్ ఈ గోఫి. డెస్ ఈ ఆడ్రే.' పట్నానికి వెళ్లాను, కాఫీ తాగాను, ఇంటికి వచ్చాను. మర్నాడు అవే వాక్యాలను ముందు 'టీ'తో, తర్వాత 'ఖీ'తో ప్రశ్నలుగా మార్చి, 'డో', 'నాదో'లతో జవాబు చెప్పుకోండి.