ఫిల్లర్ కరిగించే ముందు అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి చూడండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు క్లినిక్‌లకు ఫిల్లర్ (మొహంలో నింపే జెల్) గడ్డకట్టిందంటూ వచ్చేవాళ్లు ఆ ఇంజెక్షన్ విశాఖలోనో భువనేశ్వర్‌లోనో చేయించుకుని ఉండొచ్చు. చేతిలో బిల్లు ఉండదు, సిరంజి మీది స్టిక్కర్ ఉండదు. "ఏదో జెల్ వేశారండి" అంటారు, అంతే. వేలితో తడిమి, ఫిల్లర్‌ని కరిగించే హైలురోనిడేజ్ ఎక్కించేస్తే చీకట్లో బాణం వేసినట్టే. ఆ మందు కరిగించేది హైలురానిక్ యాసిడ్ రకం ఫిల్లర్‌ని మాత్రమే. లోపల ఉన్నది సిలికోన్ అయితే ఎన్ని వయళ్లు పోసినా కదలదు.

అందుకే ముందుగా తేల్చుకోవాల్సింది లోపల ఏముందన్నది. హైలురానిక్ యాసిడ్ అల్ట్రాసౌండ్ స్కాన్‌లో నల్లగా, గుండ్రంగానో కోలగానో, నీటి తిత్తిలా కనిపిస్తుంది. నెలలు గడిచినకొద్దీ కణజాలంలో కలిసిపోయి బూడిద రంగుకి తిరగొచ్చు. కాల్షియం హైడ్రాక్సీ అపటైట్ అనే మరో రకం ఫిల్లర్ తెల్లగా మెరుస్తూ కింద నీడ వేస్తుంది. సిలికోన్ ఉన్నచోట మంచు తుఫాను పట్టినట్టు తెల్లటి పొగ కమ్ముకుని, దాని వెనక ఏమీ కనపడదు. తెల్లటి చుక్కలు, వాటి వెనక చిన్న చిన్న తోకలు ఉంటే పీఎంఎంఏ (ప్లాస్టిక్ రేణువుల ఫిల్లర్) అని అనుమానించాలి. నల్లగా ఉన్నదల్లా ఫిల్లర్ అనుకోవద్దు. ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే అణిగిపోయేది సిర. డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే స్కాన్) నాడిలా కొట్టుకుంటూ రంగు చూపేది ధమని.

ప్రోబ్ లీనియర్ (మొన తిన్నగా ఉండేది) అయి ఉండాలి. కనీసం 15 మెగాహెర్ట్జ్ కావాలి, 18 నుంచి 22 ఉంటే ఇంకా మంచిది. ముక్కు పక్కన, కంటి కింద హాకీ స్టిక్ ఆకారంలో ఉండే చిన్న ప్రోబ్ చక్కగా కూర్చుంటుంది. డెప్త్ 2 సెంటీమీటర్లకు దించి, ఫోకస్ గడ్డ ఉన్న లోతులో పెట్టండి. డాప్లర్‌లో పీఆర్‌ఎఫ్‌ని (ధ్వని తరంగాలు పంపే వేగం), వాల్ ఫిల్టర్‌ని (నెమ్మది ప్రవాహాన్ని తీసేసే జల్లెడ) బాగా తగ్గించాలి. పొట్ట స్కాన్ సెట్టింగ్‌తోనే మొహం చూస్తే పెదవి ధమనిలో రక్తం పారుతున్నా తెర నల్లగానే ఉంటుంది, అది చూసి రక్తనాళం మూసుకుపోయిందని కంగారు పడతారు. చెయ్యి బరువు ప్రోబ్ మీద పడినా ఇదే జరుగుతుంది. జెల్ దట్టంగా వేసి, ప్రోబ్ చర్మాన్ని తాకీ తాకనట్టు ఆనాలి.

మెషీన్ విషయంలో ఒక మాట. 1994 పీసీపీఎన్‌డీటీ చట్టం (గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించేది) కింద అల్ట్రాసౌండ్ మెషీన్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మొహానికే వాడతామన్నా సరే. స్నేహితుడి పోర్టబుల్ మెషీన్‌ని సాయంత్రం క్లినిక్‌కి తెచ్చుకుని వాడుకుందామంటే కుదరదు. చిన్న ఊళ్లో తేలికైన దారి, రేడియాలజిస్టు స్కానింగ్ సెంటర్‌లోనే ఈ పని చేయడం. అయితే మందు పడక అలర్జీ వస్తే కావలసిన అడ్రినలిన్, ఆక్సిజన్ అక్కడ ఉన్నాయో లేదో మీరే చూసుకోవాలి.

ఇక మందు. 1500 యూనిట్ల వయల్‌లో 10 మిల్లీలీటర్ల సెలైన్ కలిపితే మిల్లీలీటర్‌కి 150 యూనిట్లు వస్తాయి. వయల్‌ని ఊపకుండా మెల్లగా తిప్పి కలపండి. ఊపితే బుడగలు వస్తాయి, ఆ బుడగలు లోపలికి వెళితే తెరంతా తెల్లబడి సూది మొన కనపడదు. తేనెటీగ విషంలోనూ హైలురోనిడేజ్ ఉంటుంది. గజపతి, రాయగడ కొండల్లో తేనె తీసేవాళ్లకి ఈగలు కుట్టడం మామూలే, కాబట్టి "కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు లేచాయా, ఊపిరాడలేదా" అని విడిగా అడగాలి. అవునంటే తొందరలేని కేసులో ఈ మందు జోలికి పోవద్దు. అలాంటిదేమీ లేదని చెబితే ముంజేతి చర్మంలో 0.05 మిల్లీలీటర్ పరీక్ష డోసు ఇచ్చి అరగంట చూడండి.

డోసు లెక్క స్కాన్ నుంచే తీయండి. గడ్డ పొడవు, వెడల్పు, లోతు గుణించి 0.52తో హెచ్చించాలి. 10, 6, 4 మిల్లీమీటర్ల గడ్డ అంటే సుమారు 0.12 మిల్లీలీటర్. మిల్లీలీటర్‌లో 20 మిల్లీగ్రాముల హైలురానిక్ యాసిడ్ ఉన్న ఫిల్లర్ అయితే, ప్రతి 0.1 మిల్లీలీటర్ ఫిల్లర్‌కి 5 యూనిట్లన్నది వాడుకలో ఉన్న మొదటి లెక్క. ఆ ప్రకారం ఇక్కడ 6 యూనిట్లు చాలు. గట్టిగా క్రాస్‌లింక్ చేసిన (అణువులు ఒకదానితో ఒకటి బిగించిన) రకాలు అంత తేలిగ్గా లొంగవు, కాబట్టి 10–15 యూనిట్లతో, అంటే 0.07–0.1 మిల్లీలీటర్‌తో మొదలుపెట్టడం మేలు. కంటి కింద మాత్రం తక్కువ వైపే ఉండండి.

చర్మం శుభ్రం చేసేటప్పుడు కంటి దగ్గర క్లోర్‌హెక్సిడిన్ వద్దు, కార్నియా (కంటి ముందు పారదర్శక పొర) దెబ్బతింటుంది. ప్రోబ్‌కి స్టెరైల్ కవర్, పైన స్టెరైల్ జెల్. సూది గుచ్చే చోట జెల్ తుడిచేయండి, లేకపోతే సూదితోపాటు లోపలికి పోతుంది. 30జి (గేజ్, సంఖ్య పెరిగేకొద్దీ సూది సన్నం) సూది చాలు. గడ్డ లోతుగా ఉంటే 27జి, 25 మిల్లీమీటర్లది తీసుకోండి. ప్రోబ్ పొడవు వెంబడి, చర్మానికి వాలుగా పోనిస్తే సూది మొత్తం తెల్లటి గీతలా కనిపిస్తుంది. అడ్డంగా పోనిస్తే ఒక చుక్కే కనపడుతుంది, ఆ చుక్క మొనో మధ్యభాగమో తెలియదు. మొన నల్లటి తిత్తిలోకి వెళ్లాకే ప్లంజర్ కదపాలి. మందు లోపల పరుచుకుంటూ తిత్తి ఉబ్బడం తెర మీదే తెలుస్తుంది. పక్కకి పాకుతుంటే ఆపి, సూది సరిచేయండి.

వెంటనే మళ్లీ స్కాన్ చేసి "ఇంకా నల్లగానే ఉందే" అని రెండో డోసు వేయడం తరచూ జరిగే పొరపాటు. ఆ నలుపులో మీరు ఎక్కించిన సెలైన్ కూడా ఉంది. తొందరలేని కేసులో 48 గంటల తర్వాత చూసి, మిగిలిన చోటికే మళ్లీ వేయండి.

ఫిల్లర్ వల్ల రక్తనాళం మూసుకుపోయిన కేసు దీనికి పూర్తిగా వేరు. చర్మం పాలిపోయి వలలా మచ్చలు పడటం, నొప్పి, నొక్కి వదిలితే రంగు ఆలస్యంగా రావడం కనపడితే స్కాన్ కోసం, స్కిన్ టెస్ట్ కోసం ఆగొద్దు. ఒక్కో ప్రాంతానికి 500 యూనిట్ల చొప్పున, రంగు తిరిగొచ్చేదాకా గంటకోసారి ఇచ్చే పద్ధతి ఉంది. ప్రోబ్ పక్కనే సిద్ధంగా ఉంటే, డాప్లర్‌లో రంగు ఆగినచోట నాళానికి ఆనుకున్న ఫిల్లర్‌ని వెతికి నేరుగా అక్కడే వేయొచ్చు, అప్పుడు తక్కువ మందుతోనే ప్రవాహం తిరిగి రావచ్చు. 20–30 నిమిషాలకి డాప్లర్ మళ్లీ పెట్టండి. తెరలో రంగు వచ్చినా చర్మం రంగు రాకపోతే చర్మాన్నే నమ్మండి. చూపు మసకబారిందన్నా, కంటిలో నొప్పన్నా నిమిషం ఆలస్యం చేయకుండా కంటి విభాగం ఉన్న పెద్దాసుపత్రికి పంపాలి. బరంపురం చుట్టుపక్కల అయితే ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి ముందే ఫోన్ చేసి పంపండి.

ముందు, తర్వాత తీసిన చిత్రాలు, వాడిన యూనిట్లు, వయల్ బ్యాచ్ నంబరు ఒకే కాగితం మీద రాసి పేషెంట్ చేతికివ్వండి. సమ్మతి పత్రం తెలుగులోనూ ఒడియాలోనూ ఉంచండి. మళ్లీ ఫిల్లర్ వేయించుకుంటామంటే కనీసం రెండు వారాలు ఆగమనండి, వాపు పూర్తిగా తగ్గాకే మొహం అసలు ఆకారం తెలుస్తుంది.