నలభైల్లో పియానో మొదలుపెడుతున్నారా? ముందు ఓ ఆరుగురిని పోగేయండి

పెద్దయ్యాక పియానో నేర్చుకోవడంలో అసలు చిక్కు వేళ్లతో కాదు, చెవితో. పాతికేళ్లుగా పాటలు విన్న చెవి అది, ఎక్కడ తేడా వచ్చినా ఇట్టే పట్టేస్తుంది, చేతులేమో ఇంకా అ ఆల దగ్గరే ఉంటాయి. పిల్లలకి ఈ బాధ లేదు, తప్పు వాయించి నవ్వుకుని ఆడుకోడానికి పోతారు. మనం మాత్రం తలుపేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నెలల తరబడి ఎవరి చెవినా పడకుండా వాయిస్తూ "కాస్త బాగా వచ్చాక వినిపిద్దాంలే" అనుకుంటాం. ఆ రోజు రాదు. మెల్లగా కీబోర్డు కవర్లోకి, కవర్ అటక మీదకి వెళ్తాయి. అందుకే పియానో నేర్పే యాప్‌కి డబ్బు కట్టేముందు, మీలాగే ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన ఆరేడుగురిని వెతికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. రెండొందల మంది ఉన్న గ్రూపు వద్దు, అందులో శుభోదయం పూలే తప్ప ఇంకేం కనపడవు.

వాయిద్యం సంగతి త్వరగా తేల్చేద్దాం. పియానోకి 88 కీలు, 52 తెల్లవి, 36 నల్లవి. పియానోయే నేర్చుకోవాలని గట్టిగా ఉంటే, కీలు నొక్కితే బరువు తెలిసే డిజిటల్ పియానో కొనండి. డబ్బు ఇప్పుడే పెట్టలేమంటే 61 కీల కీబోర్డుతో మొదలుపెట్టొచ్చు, కానీ మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికేదే తీసుకోవాలి. ఎలా నొక్కినా ఒకేలా మోగేదాని మీద ఎంత సాధన చేసినా తర్వాత పియానో ముందు కూర్చుంటే మళ్లీ మొదటికే వస్తారు. అపార్ట్‌మెంట్లో ఉంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా కీల టకటక నేల గుండా కింది ఇంట్లోకి దిగుతుంది, స్టాండ్ కింద మందపాటి మ్యాట్ వేయండి. కీబోర్డు ఎప్పుడూ విప్పి, ప్లగ్గు పెట్టి, వస్తూ పోతూ కనపడేచోట ఉంచండి. రోజూ ఇరవై నిమిషాలు కూర్చోవడం ఆదివారం రెండు గంటలు కుస్తీ పట్టడం కంటే చాలా మేలు.

మొదటిరోజు పుస్తకం తెరవకండి. నల్ల కీలు రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి కదా, మూడు ఉన్న గుంపులో మొదటిది ఎఫ్ షార్ప్, మన లెక్కలో నాలుగున్నర శ్రుతి. దాన్ని స అనుకుని ఒక్క తెల్ల కీ కూడా ముట్టకుండా వరసగా ఐదు నల్ల కీలు నొక్కండి, స రి గ ప ద, మోహన రాగం వచ్చేస్తుంది. ఏది నొక్కినా అపస్వరం కాదు కాబట్టి భయం పోతుంది, గ్రూపులో పెట్టడానికి మొదటి రికార్డింగ్ కూడా అదే అవుతుంది.

తర్వాత తెల్ల కీల మీదకి రండి. రెండు నల్ల కీల గుంపుకి సరిగ్గా ఎడమ పక్కనున్న తెల్ల కీ సి, అక్కణ్నుంచి కుడివైపు వరసగా డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి, మళ్లీ సి. సి నుంచి పై సి దాకా వాయిస్తే శంకరాభరణం స్వరాలు, పాశ్చాత్య సంగీతం భాషలో సి మేజర్ స్కేల్, అంటే స్వరాల వరస. కుడిచేతి బొటనవేలిని ఒకటి అనుకుంటే వేళ్ల వరస 1 2 3 1 2 3 4 5. ఇక్కడే ఒక చిన్న చోట అందరూ ఇరుక్కుంటారు. మూడో వేలు ఇ మీద ఉండగానే బొటనవేలు అరచేతి కిందుగా దూరి ఎఫ్ మీదకి చేరాలి. పెద్దవాళ్లు చేసే పని ఏమిటంటే, బొటనవేలిని ముందుగా కదపకుండా చివరి నిమిషంలో మోచెయ్యి పైకెత్తి చెయ్యి మొత్తాన్ని అటు విసిరేస్తారు, దాంతో ఎఫ్ ధబ్బుమని మోగుతుంది. రెండో వేలు డి నొక్కిన వెంటనే బొటనవేలు నడక మొదలుపెట్టాలి, మోచెయ్యి కదలకూడదు. ఈ ఇ, ఎఫ్ ముక్క ఒక్కదాన్నే తీసుకుని వారం రోజులు వాయించినా దండగ కాదు. ఫోన్‌ని పక్కన, కీల ఎత్తులో పెట్టి వీడియో తీస్తే మణికట్టు ఎప్పుడు కుంగుతోందో కనపడుతుంది, పైనుంచి తీస్తే వేళ్లు కనపడతాయి కానీ మణికట్టు కనపడదు.

చిన్నప్పుడు కాస్తో కూస్తో సరళీ స్వరాలు, అంటే కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు, పాడినవాళ్లు అదృష్టవంతులు, ఆ సరుకంతా ఇక్కడ పనికొస్తుంది. ఆ పాఠాలు పాడే మాయామాళవగౌళ రాగం కావాలంటే అదే స్కేల్లో రి, ద రెండిటినీ వాటికి ఎడమ పక్కనున్న నల్ల కీల మీదకి దించండి, మిగతావి కదపక్కర్లేదు, వేళ్ల వరస కూడా అదే సరిపోతుంది. ఎడమచేత్తో చిటికెనవేలు స మీద, బొటనవేలు ప మీద పెట్టి తంబురాలా పట్టుకుని, కుడిచేత్తో స్వరాలు వాయించండి. రెండు చేతులూ కలపడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు కనపడలేదు. లయకి క్లిక్కులు కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60లో పెట్టి క్లిక్కుకి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. మూడు కాలాలు అంటే ఇవే. గమకాలు మాత్రం ఆశించకండి, పియానోలో ఒక కీకి ఒకటే స్థానం, స్వరాన్ని ఊపడం కుదరదు.

పాడుతూ వాయించాలనుకునేవాళ్లకి ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది. మగవాళ్లు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడతారు కాబట్టి వేళ్లు సి లోనే ఉంచి గొంతుకి సరిపోయేలా జరుపుకోవచ్చు. ఇంట్లో సరదాకి బాగానే ఉంటుంది. దాని మీదే బతికితే మాత్రం మిగతా స్కేల్స్ ఎప్పటికీ రావు, ఇది నా అభిప్రాయం, గ్రూపులో దీని మీద గొడవలు ఖాయం. పాశ్చాత్య సంగీతం రాసే ఐదు గీతల నొటేషన్ కూడా నెమ్మదిగా నేర్చుకోండి. పాట కింద స రి గ మలు రాసుకుంటే ఏ స్వరమో తెలుస్తుంది కానీ అది ఎంతసేపు నిలబడాలో సరిగ్గా తెలియదు, రెండు చేతులకీ వేర్వేరు లయ వచ్చిందంటే ఆ కాగితం చేతులెత్తేస్తుంది.

ఇక గ్రూపు. మేం పాటించే నియమాలు నాలుగే, అవి లేని గ్రూపులు చప్పబడిపోవడం చూశాను. వారానికి ఒక రికార్డింగ్, నిమిషం దాటకూడదు. రెండుసార్లకి మించి మళ్లీ తీయకూడదు, తప్పులతో సహా పెట్టాలి, ఎందుకంటే ఇరవయ్యోసారి తీసిన వీడియో చూసి మిగతా ఐదుగురు నీరుగారిపోతారు. పెట్టినప్పుడు ఒక ప్రశ్న అడగాలి, "ఎలా ఉంది?" అని కాదు, "రెండో లైన్లో లయ జారుతోందా?" అని. నాలుగోది, ఎవరైనా మూడు వారాలు కనపడకుండా పోయి తిరిగొస్తే కారణం అడగకూడదు. ఎనిమిది సెకన్ల ముక్క పెట్టినా హాజరు పడినట్టే. ఆరేళ్ల పిల్ల అదరగొట్టేస్తున్న వీడియోలు ఫార్వర్డ్ చేసేవాళ్లని సున్నితంగా ఆపండి.

జవాబు చెప్పడం వాయించడం కంటే కష్టం, మనవాళ్లకి మరీను. గ్రూపులో ఒకరు రిటైరైన పెద్దాయన, ఒకరు వదిన వరస, ఇంకొకరు ఆఫీసులో సీనియర్. "మీకు తాళం తప్పుతోంది బాబాయ్ గారూ" అని ఎవరంటారు? అందరూ "సూపర్ అండీ" అని ఊరుకుంటారు, ఆయన తాళం అలాగే ఉంటుంది. దీనికి మందు, మనిషిని వదిలేసి సెకను పట్టుకోవడం. "బాబాయ్ గారూ, 18వ సెకను దగ్గర ఎడమచెయ్యి కాస్త తొందరపడుతోంది, ఆ కాస్త ముక్కే మెట్రోనోమ్ 50లో పెట్టి ఒకసారి వాయించి పెడతారా?" ఇందులో అగౌరవం లేదు, ఆయనకి చెయ్యాల్సిన పనీ దొరికింది. బాగున్నదాన్ని కూడా ఇలాగే చోటు చూపించి చెప్పండి.

రికార్డింగ్‌లో ఒక తమాషా ఉంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తే ఫోన్‌కి పాట వినపడదు, కీల టకటక మాత్రమే ఎక్కుతుంది. స్పీకర్ సగం సౌండులో పెట్టి ఫోన్‌ని కాస్త దూరంగా ఉంచండి. జూమ్‌లో కలిస్తే సెట్టింగ్స్‌లో సంగీతకారుల కోసమని ఒరిజినల్ సౌండ్ ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేయకపోతే జూమ్ పియానో మోతని పక్కింటి గోల అనుకుని కోసేస్తుంది. అందరూ కలిసి ఒకేసారి వాయించే ప్రయత్నం చేయకండి, ఇంటర్నెట్‌లో మాట చేరడానికి పట్టే ఆ కొద్ది ఆలస్యం చాలు తాళం చెడగొట్టడానికి. ఒకరు వాయించాలి, మిగతావాళ్లు మ్యూట్‌లో వినాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లుంటే మన ఆదివారం రాత్రి ఏడున్నర వాళ్లకి పొద్దున్నే అవుతుంది, నవంబరులో వాళ్ల గడియారాలు మారినప్పుడు ఒకసారి మళ్లీ సరిచూసుకోండి.

గ్రేడ్ పరీక్షలు రాయాలనిపిస్తే, వాటిని పెట్టే బ్రిటన్ సంస్థలు ట్రినిటీకీ, ఏబీఆర్‌ఎస్‌ఎమ్‌కీ వయసు అడ్డు కాదు, రెండింటిలోనూ వీడియో రికార్డు చేసి పంపే పద్ధతి ఉంది. రాయకపోయినా మునిగిపోయేదేం లేదు.

గ్రూపు ఎంత మంచిదైనా మణికట్టు నొప్పికి సలహా ఇవ్వలేదు. నొప్పి వస్తే ఆపేయండి, ఓర్చుకుని వాయించొద్దు. నెలకొకసారి ఒక టీచర్‌ని ఆన్‌లైన్లో పిలిచి, ఫీజు తలా ఇంత వేసుకుంటే అందరికీ భారం తగ్గుతుంది, పక్కవాడికి చెప్పింది మనకీ పనికొస్తుంది. ఎవరు ఏ ముక్క వాయించాలో, ఎవరి తర్వాత ఎవరో ముందురోజే గ్రూపులో రాసేసుకోండి, లేకపోతే గంటలో సగం "ముందు మీరు కానివ్వండి", "అబ్బే, మీరే మొదలుపెట్టండి" దగ్గరే అయిపోతుంది.