ప్రెగ్నెన్సీ షుగర్‌కి ఆక్యుపంక్చర్ తోడుగా వాడుకోవడం ఎలా?

గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీసి, రిపోర్టులో 140 దాటిందని చెప్పగానే ఇంట్లో అందరూ డాక్టర్లైపోతారు. ఒకరు మెంతుల నీళ్లంటారు, ఒకరు కాకరకాయ రసమంటారు, చైనా వైద్యంతో ఇన్సులిన్ మానేశామనే వీడియో కూడా ఎక్కడినుంచో వాట్సాప్‌లోకి వచ్చి పడుతుంది. ఆ చైనా వైద్యంలో ఒకటైన ఆక్యుపంక్చర్, అంటే ఒంట్లో కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చడం, చేయించుకోవచ్చు, కానీ షుగర్ దిగడానికి కాదు. గర్భిణుల షుగర్‌ని సూదులు తగ్గిస్తాయనడానికి గట్టి రుజువు లేదు. వాంతులు, నడుంనొప్పి, నిద్రలేమి, టెన్షన్ లాంటివాటికి మాత్రం కొంతమందికి పనికొస్తుంది, అవి తగ్గితే తిండీ నడకా కాస్త దారిలో పడతాయి. ఆశ అంతవరకే పెట్టుకోండి. చైనా మూలికల మందులు మాత్రం అసలు వద్దు, ఎందుకో కింద చెప్తాను.

1. ముందు గ్లూకోమీటరు, తర్వాతే సూదులు

చాలామంది డాక్టర్లు చెప్పే లెక్క ఇది: పరగడుపున 95 లోపు, తినడం మొదలుపెట్టిన గంటకి 140 లోపు, రెండు గంటలకైతే 120 లోపు. తిన్నది, నడిచింది, అంకె, సూదులు వేయించుకున్న రోజు, అన్నీ ఒకే నోట్‌బుక్కులో రాయండి. సాధారణంగా రెండు వారాలు తిండీ నడకలతో చూసి, అంకెలు దారికి రాకపోతే మెట్‌ఫార్మిన్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ మొదలుపెడతారు. సరిగ్గా ఇక్కడే చాలామంది "ఇంకో నెల ఆక్యుపంక్చర్ చూద్దాం, ఇంజెక్షన్లు అప్పుడు చూసుకుందాం" అంటారు. అలా వాయిదా వేయకండి, తల్లి షుగర్ ఎక్కువగా ఉన్న ప్రతి వారం లోపల బిడ్డ అవసరానికి మించి పెరుగుతుంది, పుట్టాక ఆ బిడ్డకే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఇన్సులిన్ మావి దాటి బిడ్డకి చేరదు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం పొడుచుకోవాలన్న భయం కూడా అక్కర్లేదు, ప్రెగ్నెన్సీలో కొత్తగా వచ్చిన షుగర్‌కి కాన్పు కాగానే చాలామందికి ఆపేస్తారు.

2. మీ గైనకాలజిస్టుకి చెప్పండి

తిడతారేమోనని దాచొద్దు. రక్తస్రావం అవుతున్నా, మావి కిందికి ఉందన్నా, నెలలు నిండకుండా నొప్పులొచ్చే భయం ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ప్లేట్‌లెట్లు తక్కువున్నా సూదుల ఆలోచన పక్కన పెట్టేయాల్సి రావచ్చు. అది తేల్చాల్సింది వాళ్లే.

3. ఎవరి దగ్గరికి వెళ్లాలి

ఆక్యుపంక్చర్ మనకి మరీ కొత్తదేం కాదు. 1938లో చైనా వెళ్లిన భారత వైద్య బృందంలో డాక్టర్ కోట్నీస్‌తో పాటు ఉన్న డాక్టర్ బసు దీన్ని 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు, 2019లో కేంద్రం దీన్ని ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది. అయినా బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లకీ చదువు ఉన్నట్టు కాదు. మన దగ్గర తేలిగ్గా దొరికే దారి ప్రకృతి వైద్యశాలలు, బీఎన్‌వైఎస్ అనే ఐదున్నరేళ్ల ప్రకృతి వైద్యం కోర్సులో ఆక్యుపంక్చర్ కూడా ఒక సబ్జెక్టు. గర్భిణులకి చేసిన అనుభవం ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. సూది ప్యాకెట్టు మీ కళ్లముందే చించాలి, వాడాక పారేసే సూదులే ఉండాలి. "ముందు మందులన్నీ ఆపేయండి, టెస్టులు మానేయండి" అన్నారంటే, ఫీజు కట్టేసినా సరే, చెప్పులు వేసుకుని బయటికి వచ్చేయండి.

4. ఈ చోట్ల వద్దని ముందే చెప్పండి

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ, చీలమండ లోపలి ఎముకకి నాలుగు వేళ్ల పైన, మెడకీ భుజం చివరకీ మధ్య, కాలి చిటికెనవేలి గోరు పక్కన, పొట్ట మీద, నడుం కింది ఎముక మీద. ఇవి కాన్పు నొప్పులు తెప్పిస్తాయని చైనా సంప్రదాయంలో నమ్మకం. నిజంగా తెప్పిస్తాయా అన్నది తేలలేదు, కానీ తెలిసిన వైద్యులు నెలలు నిండేదాకా వీటి జోలికి పోరు. చిక్కేంటంటే చీలమండ పైనున్న ఆ పాయింటు, మామూలు షుగర్ పేషెంట్లకి తరచుగా సూది వేసే చోటే. "షుగర్ ప్యాకేజీ" అని రోజూ పదిమందికి చేసే చెయ్యి అలవాటు కొద్దీ అక్కడే గుచ్చేయొచ్చు. అందుకే మీరు ఎన్నో నెలలో ఉన్నారో ప్రతిసారీ గుర్తు చేయండి.

సూదులకి కరెంటు పెట్టడం వద్దు. మోక్సా అని ఒక ఎండాకు చుట్ట వెలిగించి సెగ పెడతారు, అది మన వినాయక చవితి పత్రిలో ఉండే మాచిపత్రి జాతే. పేరు పరిచయమైనదే అయినా పొగ, కాలే ప్రమాదం రెండూ ఉన్నాయి, ఈ నెలల్లో వద్దనే అంటాను.

5. వెళ్లే రోజు

ఖాళీ కడుపుతో వెళ్లకండి. తిని వెళ్లండి, సూదుల కోసం పడుకునే ముందు ఒకసారి షుగర్ చూసుకోండి, ఇన్సులిన్ వేసుకునేవాళ్లయితే తర్వాతి భోజనం టైము క్లినిక్కులో గడిచిపోకుండా అపాయింట్‌మెంటు పెట్టుకోండి. ఐదో నెల దాటితే వెల్లకిలా కాకుండా ఎడమ పక్కకి, వీపుకి దిండు ఆనించుకుని పడుకోవాలి. సూది వెంట్రుక కంటే కాస్త మందం, గుచ్చినప్పుడు చిన్న చురుకు, తర్వాత ఆ చోట బరువుగా, తిమ్మిరిగా అనిపిస్తుంది. అరగంట లోపే తీసేస్తారు. మొదటిసారి నాలుగైదు సూదులకి మించి వద్దని అడగండి.

చెమటలు పట్టి, చేతులు వణికితే అది "శక్తి కదులుతోంది" కాదు. సూదులు తీయించి షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకి మళ్లీ చూసుకోండి.

6. ఇంట్లో చేసుకునేవి

మణికట్టు లోపలివైపు ముడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్లు పెట్టి చూడండి, మూడో వేలి అంచున రెండు నరాల్లా తగిలే తీగల మధ్య గుంటగా ఉంటుంది. అక్కడ బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కితే వికారం తగ్గుతుందని కొందరంటారు, అందరికీ పనిచేయదు, నష్టం మాత్రం లేదు. షుగర్ ఉన్నవాళ్లకి వికారం చిన్న విషయం కాదండీ: ఇన్సులిన్ వేసుకుని, పెసరట్టు తిని, పది నిమిషాలకే అదంతా కక్కేస్తే షుగర్ పడిపోతుంది. అలా జరిగితే చెయ్యి నొక్కుకుంటూ కూర్చోకుండా షుగర్ చూసి డాక్టరుకి ఫోన్ చేయండి.

చైనా వైద్యం చెప్పేవాటిలో షుగర్‌కి నిజంగా పనికొచ్చేది నాకు తెలిసి నడకే. తిన్నాక వంద అడుగులు వేస్తే తొంభై తొమ్మిదేళ్లు బతుకుతారని వాళ్ల సామెత, మన పెద్దవాళ్ల శతపదం కూడా అదేగా. డాక్టరు వద్దనకపోతే మూడు పూటలా తిన్నాక పదిహేను నిమిషాలు మేడ మీదైనా నడవండి.

7. మూలికల మాత్రలు ముట్టుకోవద్దు

షుగర్‌కి చైనాలో పేరున్న షియావ్‌కె మాత్రల్లో మూలికలతో పాటు గ్లైబెన్‌క్లమైడ్ అనే ఇంగ్లీషు షుగర్ మందు కూడా ఉంటుంది. మూలికే కదా అని ఇన్సులిన్ మీద అది కూడా వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా కిందికి పోతుంది. హువాంగ్లియన్ అనే ఇంకో మూలికలో ఉండేది బెర్బెరిన్, అది పుట్టిన బిడ్డ కామెర్లని మెదడు దెబ్బతినేంతగా ముదరబెట్టగలదు. మన ఆయుర్వేదంలో వాడే దారుహరిద్రలోనూ బెర్బెరిన్ ఉంటుంది, కాబట్టి చైనా మందు మానేసి ఊళ్లో పసరు మందుకి మారడం కూడా పనికిరాదు. కాకరకాయ కూరగా తినండి, గ్లాసులకొద్దీ రసం వద్దు.

8. ఎప్పుడు ఆపాలి

రక్తం కనబడినా, ఉమ్మనీరు పోతున్నా, పొట్ట ఆగాగి గట్టిపడుతున్నా, బిడ్డ కదలికలు తగ్గినా క్లినిక్కుకి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. అవేమీ లేకపోయినా నోట్‌బుక్కులో అంకెలు ఎక్కువగానే ఉంటే మందు విషయం మాట్లాడాల్సిందే, నిద్ర ఎంత బాగా పడుతున్నా సరే.

కాన్పయ్యాక ఆరు వారాలకి ఆ గ్లూకోజు నీళ్ల టెస్టు మళ్లీ చేయించుకోండి, బిడ్డ పనుల్లో చాలామంది మర్చిపోయేది ఇదే. బాలింతకి పెట్టే కాయం ఉండల్లో బెల్లం ఎంత వేశారో కూడా ఆ లోపు ఒకసారి అడగండి. పాలిచ్చినన్నాళ్లూ బెర్బెరిన్ మందులు వద్దు.