రామప్ప, లక్నవరం ఒక్క రోజులో: కాకతీయుల చెరువును ఎలా చూడాలి

రామప్పకు వెళ్లేవాళ్లు చాలామంది గుడి చూసి, ఫొటోలు దిగి, అక్కడికి కిలోమీటరు దూరంలో ఉన్న చెరువు ముఖం చూడకుండానే తిరుగు ప్రయాణమవుతారు. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది గుడికే కాబట్టి ఆ ఆకర్షణ సహజమే. కానీ గుడీ చెరువూ ఒకే కాలపు పని. కాకతీయ గణపతిదేవుడు (1199–1262) ఏలుతున్నప్పుడు, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడి కట్టించాడు. చెరువు నీళ్లు పారితేనే పొలం, పొలం పండితేనే గుడిలో దీపం. అందుకే ఈ రెండింటినీ విడదీసి చూస్తే సగమే చూసినట్టు.

ఎప్పుడు వెళ్లాలి? సెప్టెంబరు చివరి నుంచి జనవరి దాకా చెరువు నిండుగా, ఎండ తక్కువగా ఉంటుంది. యాసంగి (రబీ) పంటకు తూముల్లోంచి, అంటే కట్టలోని నీటి దారుల్లోంచి, నీళ్లు వదిలాక మట్టం దిగుతూ పోతుంది. అయితే రామప్పలోకి దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి నీళ్లు కూడా వస్తాయి. కాబట్టి వాన పడలేదు, చెరువు ఎండే ఉంటుందని తేల్చేయకండి. కొత్త మోటార్ల నీళ్లు ఎనిమిది వందల ఏళ్ల కట్ట వెనకే నిలుస్తున్నాయి!

జులై, ఆగస్టుల్లో మత్తడి దుంకుతుంటే, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లి పోతుంటే, చూడాలని అందరికీ ఉంటుంది. అప్పుడు వెళ్లేవాళ్లు ముందురోజు వాన సంగతి కనుక్కోవాలి. 2023 జులైలో రామప్ప ఉన్న ఈ వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ స్థాయిలో కాకున్నా, గట్టి వాన పడితే వాగులు గంటల్లోనే రోడ్డెక్కుతాయి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర ఉంటుంది. ఆ వారం, దాని ముందు వారం ఇటు రావద్దు. ఇదే రహదారి జనంతో నిండిపోతుంది.

దారి తేలికే. రైల్లో వచ్చేవాళ్లు వరంగల్‌లోగానీ కాజీపేటలోగానీ దిగి హన్మకొండ బస్టాండుకు చేరాలి. అక్కడ ఏటూరునాగారం వైపు వెళ్లే బస్సెక్కి, ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగాలి. అక్కడి నుంచి గుడి ఉన్న ఊరు పాలంపేటకు ఆటో. రానూపోనూ, అక్కడ ఆగే సమయంతో కలిపి ముందే బేరం చేసుకోండి. ఒకవైపే మాట్లాడుకుంటే తిరిగి రావడానికి బండి దొరక్క ఎండలో నిలబడాల్సి వస్తుంది. సొంత బండి అయితే వరంగల్ నుంచి రామప్ప సుమారు 65 కిలోమీటర్లు. పెట్రోలు ములుగులోనే కొట్టించుకోండి, కొంత నగదు దగ్గర ఉంచుకోండి.

మ్యాపులో పేర్ల దగ్గర జాగ్రత్త. రామప్ప ఉన్నది వెంకటాపూర్ మండలంలో. ఇదే ములుగు జిల్లాలో గోదావరి అవతల వెంకటాపురం అనే ఇంకో మండలం ఉంది. ఒక్క అక్షరం తేడాతో సగం రోజు పోతుంది. అందుకని ‘పాలంపేట’ అని వెతకండి. అలాగే దగ్గర్లో కోటగుళ్లు అనే పాత గుళ్లున్న ఘనపూర్ వేరు, రైల్వే స్టేషనున్న స్టేషన్ ఘనపూర్ వేరు.

హన్మకొండలో ఆరింటికి బయలుదేరితే ఎనిమిది లోపు గుడి దగ్గరుంటారు. గుడి తూర్పు ముఖం కాబట్టి నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) మీద పొద్దుటి వెలుగు బాగా పడుతుంది. పది దాటితే ఆవరణలో రాళ్లు కాలతాయి, చెప్పులు బయటే వదలాలి. ఒక జత సాక్సు వెంట తెచ్చుకుంటే వేసవిలో చాలా మేలు. గుడికి గంటన్నర చాలు.

ఇక చెరువు. కట్ట ఎక్కగానే ముందు నీళ్ల వైపు కాదు, రెండు చివరల వైపు చూడండి. కట్ట గుట్టకు గుట్టకు మధ్య ఉంటుంది. కాకతీయుల కాలపు పెద్ద చెరువుల ఒడుపంతా ఇందులోనే ఉంది. మూడు వైపులా గుట్టలే గోడలైతే, మనుషులు కట్టాల్సింది మిగిలిన సందు ఒక్కటే. తర్వాత కట్ట వాలు చూడండి. నీటి వైపు రాతి పేర్పు, బయటి వైపు మట్టి వాలు. అలలు మట్టిని కోసేయకుండా ఆ రాయి కాపాడుతుంది. కట్ట మీద చెట్లు పెరగడం చూడ్డానికి చల్లగానే ఉంటుంది కానీ, వేళ్లు చచ్చి కుళ్లాక ఆ బొక్కల్లోంచి నీళ్లు ఊరతాయి. ఎలుకలు, ఎండ్రకాయల బొరియలతోనూ ఇదే బాధ. కట్ట తెగడానికి ముందు కనిపించే గుర్తు బయటి వాలు మీద ఆ చెమ్మే.

తర్వాత తూము. నీటిని పొలాలకు వదిలే దారి ఇదే. పాత చెరువుల్లో నీళ్లలో నిలబెట్టిన రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య బెజ్జాలున్న అడ్డబండలు ఉండేవి. ఆ బెజ్జాల్లోంచి పొడవాటి కర్ర దించి అడుగున రంధ్రం మూసేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల ఇనుప షట్టర్లు, తిప్పే చక్రాలు వచ్చాయి. తూము దగ్గర నీళ్లలో దిగొద్దు. పైకి అల కూడా కదలదు, తూము తెరిచి ఉంటే అడుగున లాగేస్తుంది.

మూడోది మత్తడి. కొన్ని ఊళ్లలో అలుగు అంటారు. కట్ట కన్నా తక్కువ ఎత్తులో ఉంటుంది, ఎక్కువైన నీళ్లు ఇక్కడి నుంచే పోతాయి. ఇది పూడినా ఇరుకైనా నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టికట్టకు అంతకన్నా పెద్ద ప్రమాదం లేదు. దుంకుతున్నప్పుడు రాళ్ల మీద పాచి ఉంటుంది, ఫొటో కోసం అంచుకు వెళ్లకండి. చివరగా కట్ట బయటి వైపు తిరిగి ఆయకట్టు, అంటే చెరువు నీళ్లు పారే పొలాలు, చూడండి. ఈ చెరువు మ్యూజియం వస్తువు కాదు, ఇప్పటికీ వరి పండిస్తోంది.

పదకొండుకల్లా లక్నవరం బయలుదేరండి. మళ్లీ రహదారికి వచ్చి ఏటూరునాగారం వైపు సాగితే, చల్వాయి ప్రాంతంలో కుడివైపు బోర్డు కనిపిస్తుంది. ఇదీ గణపతిదేవుని కాలపు చెరువే కానీ తీరు వేరు. మూడు ఇరుకైన లోయలను మూడు చిన్న కట్టలతో మూశారంతే, మిగతాదంతా గుట్టలూ అడవే. నీటి మధ్య దీవులు, వేలాడే వంతెన, పడవలు ఉన్నాయి. ఆదివారం వంతెన మీద నడవడం కన్నా తోసుకోవడమే ఎక్కువ, వీలైతే వారం మధ్యలో రండి. దీవి మీది కాటేజీలో రాత్రి ఉండాలంటే పర్యాటక సంస్థ దగ్గర ముందే బుక్ చేసుకోవాలి. గాలి లేచినా పొద్దు వాలినా పడవలు ఆపేస్తారు. అందుకే వచ్చీరాగానే పడవ ఎక్కి, భోజనం తర్వాత పెట్టుకోండి. పిల్లలుంటే వాళ్లకు లైఫ్ జాకెట్ పిల్లల కొలతది ఇమ్మని అడగండి, పెద్దది నీళ్లలో మెడ మీదుగా జారిపోతుంది.

సాయంత్రం అయిదింటికి బయలుదేరడం మంచిది. చీకటి పడ్డాక ఆ రహదారి మీద ఇసుక లారీలు, రోడ్డు మధ్యలో పడుకున్న గొడ్లు రెండూ ఉంటాయి. ఇంకో రోజు చేతిలో ఉంటే నర్సంపేట దగ్గరి పాఖాల చూడండి. అడవి మధ్య చెరువు, జనం తక్కువ. అందులో మొసళ్లు ఉన్నాయి కాబట్టి ఒడ్డునే ఆగండి.