దశల తేదీలు కలవడం లేదా? ముందు చంద్రుణ్ణి చూడండి

"ఒక జాతకం సాఫ్ట్‌వేర్‌లో గురు మహాదశ ఆగస్టులో మొదలవుతోంది, ఇంకోదాంట్లో జనవరిలో. ఏది కరెక్ట్?" అని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒక్కటే. రెండింట్లోనూ చంద్రుడు ఎన్ని డిగ్రీల ఎన్ని కళల (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) మీద ఉన్నాడు? చాలామంది అది చూసి ఉండరు. సెట్టింగ్స్ అన్నీ తిప్పేసి ఉంటారు గానీ ఆ ఒక్క అంకె చూడరు. వింశోత్తరి, అంటే 120 ఏళ్లని గ్రహాల దశలుగా పంచే లెక్క, నడిచేదే చంద్ర స్ఫుటం (చంద్రుడున్న డిగ్రీలు, కళలు) మీద. కాబట్టి రెండింట్లోనూ చంద్ర స్ఫుటం, పుట్టిననాటి దశా శేషం (అప్పుడు నడుస్తున్న దశలో ఇంకా మిగిలిన కాలం) కాగితం మీద రాసుకుని అప్పుడు కిందికి రండి.

దశానాథుడే మారిపోయాడు

మొదటి దశ ఏ గ్రహానిదో తేల్చేది పుట్టిన నక్షత్రం. అది మారిందన్నమాట. ఎక్కువసార్లు తేదీ తప్పే ఉంటుంది. "సోమవారం రాత్రి ఒంటిగంటన్నరకి పుట్టాడు" అంటారు ఇంట్లో. మన లెక్కలో సూర్యోదయం దాకా సోమవారమే. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అర్ధరాత్రి దాటితే మంగళవారం. ఒక రోజు తేడా అంటే చంద్రుడు సుమారు 13 డిగ్రీలు జరుగుతాడు, దాదాపు ఒక నక్షత్రం. రోజు, నెల తారుమారుగా కొట్టారేమో కూడా చూసుకోండి.

శేషంలోనే నెలలు, ఏళ్ల తేడా

చంద్రుడి తేడా అరడిగ్రీకి కాస్త ఎక్కువగా ఉంటే టైమ్ జోన్‌లో గంట పొరపాటు. గంటకి చంద్రుడు సుమారు 33 కళలు నడుస్తాడు, నక్షత్రం మొత్తం 800 కళలు. ఇరవై ఏళ్ల శుక్ర దశలో పుట్టినవాళ్లకి ఆ గంటే దాదాపు పది నెలలవుతుంది. విదేశాల్లో పుట్టిన పిల్లలకి సమ్మర్ టైమ్ చూడండి. 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 వరకు యుద్ధం వల్ల మన దేశంలో కూడా గడియారాలు గంట ముందుకి జరిపారు, పాత జాతకాలు వేసేటప్పుడు ఇది గుర్తుండాలి.

అయనాంశ అంటే నక్షత్రాల లెక్కకి రావడానికి గ్రహస్థానాల్లోంచి తీసేసే కోణం, దాంట్లో రకాలున్నాయి. తేడా సుమారు 6 కళలైతే ఒకదాంట్లో లాహిరి, ఇంకోదాంట్లో కేపీ అయనాంశ ఉంది. సుమారు 87 కళలైతే ఒకదాంట్లో లాహిరి, ఇంకోదాంట్లో రామన్ అయనాంశ. శుక్ర దశలో ఇది రెండేళ్లు దాటుతుంది. ఏదో ఒకటి పెట్టుకుని దానిమీదే ఉండండి.

ఊరు లిస్టులో లేదని టెన్షన్ పడకండి. అక్షాంశ రేఖాంశాలు కదిలించేది లగ్నాన్ని. టైమ్ జోన్ సరిగ్గా ఉంటే పక్క ఊరు పెట్టినా దశ మారదు.

శేషం సరిపోయింది, తర్వాతి తేదీలు జారిపోతున్నాయి

నన్ను కాల్చింది ఇదే. బంధువొకాయన జాతకానికి తేదీలు తీసిచ్చాను. ఆయన దగ్గరున్న చేతిరాత జాతకంతో కలవలేదు. పుట్టిన టైమ్, అయనాంశ, టైమ్ జోన్ అన్నీ రెండు సాయంత్రాలు తిరగేశాను. శేషం రోజుతో సహా సరిపోయింది కాబట్టి తప్పు చేతిరాతలోనే ఉందని తేల్చేశాను కూడా. తప్పు నాది. దశ ఆప్షన్లలో సంవత్సరానికి 360 రోజులని పెట్టి ఉంది.

దీని లక్షణం ఏంటంటే, చిన్నతనంలో దొరకదు. ఏడాదికి అయిదుంపావు రోజులే పోతాయి. అదే 30 ఏళ్లకి 157 రోజులు, అంటే అయిదు నెలల పైన. నలభైకి ఏడు నెలలు. వయసుతో పాటు తేడా పెరుగుతోందంటే ఇంకేమీ వెతకొద్దు. శుక్ర మహాదశ మొదలు, ముగింపు తేదీలు చూడండి. సరిగ్గా ఇరవై ఏళ్ల తర్వాత అదే నెల, అటూ ఇటూగా అదే తేదీ వస్తే సౌర సంవత్సరం. మూడున్నర నెలలు ముందే ముగిస్తే 360. దాన్ని 365.25కి మార్చండి, మళ్లీ లెక్క వేయించండి.

ఈ 360 ఎందుకు పెడతారో కూడా చెప్తాను. చేత్తో లెక్క వేసేటప్పుడు నెలకి 30 రోజులని తీసుకుంటాం. రాహు దశలో (18 ఏళ్లు) గురు అంతర్దశ, అంటే గురుడి (16 ఏళ్లు) వాటాగా వచ్చే చిన్న దశ, 18 × 16 ÷ 120, అంటే 2.4 ఏళ్లు, దాన్ని 2 ఏళ్ల 4 నెలల 24 రోజులని రాస్తాం. అది చూసి "మన సంవత్సరం 360 రోజులు కదా" అనుకుంటారు. ఆ 30 భిన్నాన్ని రోజుల్లోకి మార్చడానికే. తర్వాత కూడేది క్యాలెండర్ తేదీకి, అక్కడ ఏడాది అంటే పూర్తి ఏడాదే. సావన మానం (30 రోజుల నెలల లెక్క) అని తెలిసే 360 వాడే జ్యోతిష్కులున్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ వాళ్ల తేదీలనీ మీ తేదీలనీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

365.25 పెట్టాలా 365.2422 పెట్టాలా అని అడగొద్దు. 120 ఏళ్లకి ఒక్క రోజు కూడా తేడా రాదు.

మిగతావి

చంద్రుణ్ణి భూకేంద్రం నుంచి కాకుండా పుట్టిన చోటు నుంచి లెక్కించే ఆప్షన్ ఎవరైనా ఆన్ చేసి ఉంటే డిగ్రీ దాకా తేడా రావచ్చు. అరుదు, ఆఫ్ చేస్తే చాలు. రాహువుని మీన్‌లో (సగటు స్థానం) పెట్టినా ట్రూలో (అసలు స్థానం) పెట్టినా వింశోత్తరి ఒక్క రోజు కూడా కదలదు.